డొమైన్ మీ పేరు మీదే ఉండాలి, హోస్టింగ్ ఎక్కడున్నా ఫర్వాలేదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: కొత్తపేటలో మగ్గం వర్క్ బొటిక్ నడుపుతున్నారు. ఆర్డర్లన్నీ ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల నుంచే వస్తున్నాయి. వెబ్‌సైట్ చేసిస్తానని ఒకాయన ఏడాదికి 18 వేలు అడిగారు. డొమైన్, హోస్టింగ్ అన్నీ తానే చూసుకుంటానన్నారు. అసలు ఆ రెండూ ఒకటేనా, మీరే కొనుక్కోవచ్చా, ఎంతవుతుంది, మోసపోకుండా ఏం చూసుకోవాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. రెండూ ఒకటి కాదు. డొమైన్ అంటే కస్టమర్లు టైప్ చేసే మీ సైటు పేరు, హోస్టింగ్ అంటే ఆ సైటు ఉండే చోటు. డొమైన్ మీరే కొనండి. మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో, మీ పేరు మీద. వీలైతే ఈ రోజే. పావుగంట పని. డాట్ కామ్ అయితే పన్నుతో కలిపి ఏడాదికి సుమారు వెయ్యి నుంచి పదిహేను వందలు, డాట్ ఇన్ అయితే కొంచెం తక్కువ. హోస్టింగ్‌కి తొందరేమీ లేదు. అది ఆయన చేతిలో ఉన్నా నష్టం లేదు, నచ్చకపోతే వచ్చే ఏడాది మార్చుకోవచ్చు. డొమైన్ మాత్రం ఇంకొకరి ఖాతాలో పెట్టకండి.

నేను అమీర్‌పేటలో పదిహేనేళ్లుగా చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లు, సర్వర్లు చూస్తున్నాను. సైటు పాడైందని వచ్చినవాళ్లకి ఏదో ఒక విధంగా మళ్లీ నిలబెట్టి ఇవ్వగలిగాను. పేరు చేజారిందని వచ్చినవాళ్లలో చాలామందికి ఏమీ చేయలేకపోయాను. అందుకే ఈ ఒక్క విషయం దగ్గర ఇంత గట్టిగా చెప్తున్నాను.

మీ బొటిక్ ముల్గీ కిరాయిదే అయ్యుంటుంది. ఓనరు కిరాయి మరీ పెంచితే మెషీన్లు, మగ్గం ఫ్రేములు సర్దుకుని పక్క గల్లీకి మారతారు. బోర్డు మీతో వస్తుంది, ఫోన్ నంబరు మీతో వస్తుంది, కస్టమర్లు వెతుక్కుంటూ వస్తారు. హోస్టింగ్ ఆ ముల్గీ లాంటిది. ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లో ఉండే ఒక కంప్యూటర్‌లో మీకు కిరాయికి ఇచ్చిన కొంచెం చోటు. మీ పేజీలు, ఫొటోలు అక్కడుంటాయి. డొమైన్ అంటే బోర్డు మీద రాసిన పేరు. ఈ పోలిక ఒక్కచోట పొసగదు. బోర్డు ఒకసారి రాయించుకుంటే అది మీదే. డొమైన్‌ని మాత్రం ఎవరూ శాశ్వతంగా కొనలేరు. ఏడాదికి తీసుకోవచ్చు, గరిష్ఠంగా పదేళ్లకి ఒకేసారి కట్టుకోవచ్చు. గడువు దాటకుండా రెన్యూ చేస్తూ ఉన్నంతకాలం దాన్ని మీ నుంచి తీసుకుని ఇంకొకరికి అమ్మరు.

ఈ పేర్లు అమ్మే వరస కూడా తెలిసి ఉండాలి. డాట్ కామ్ పేర్ల అసలు చిట్టా వెరిసైన్ అనే అమెరికా కంపెనీ దగ్గర ఉంటుంది. మన డాట్ ఇన్ చిట్టా నిక్సీ అనే మన దేశ సంస్థ చూస్తుంది. వీళ్లు మనకి నేరుగా అమ్మరు. రిజిస్ట్రార్లు అనే కంపెనీల ద్వారా అమ్ముతారు. మీతో మాట్లాడిన వెబ్ డిజైనర్ కూడా రిజిస్ట్రార్‌కి మీలాగే ఒక కస్టమర్. ఆయన తన ఖాతాలో, తన వివరాలతో మీ పేరు కొంటే రిజిస్ట్రార్ దృష్టిలో ఆ పేరు ఆయనదే. డబ్బులు మీరు ఇచ్చారన్న సంగతి వాళ్లకి తెలియదు, తెలిసినా వాళ్లు పట్టించుకోరు.

మల్కాజిగిరిలో ఒక పిల్లల డాక్టరు గారి క్లినిక్ విషయంలో ఇదే జరిగింది. సైటు చేసిన అబ్బాయి మంచివాడే, ఆరేళ్లు బాగానే చూశాడు. తర్వాత ఉద్యోగం వచ్చి అమెరికా వెళ్లిపోయాడు. రెన్యువల్ మెయిళ్లన్నీ అతని పాత కంపెనీ ఈమెయిల్‌కి వెళ్లాయి, ఆ మెయిల్ అప్పటికే మూతపడింది. ఒక సోమవారం పొద్దున్న క్లినిక్ సైటు తెరిస్తే ఏవో ప్రకటనల పేజీ వచ్చింది. అతన్ని వెతికి పట్టుకుని ఫోన్ చేస్తే పాపం వెంటనే సాయానికి వచ్చాడు. కానీ లాగిన్ అవ్వాలంటే ఓటీపీ కావాలి. అది అతని పాత హైదరాబాద్ నంబరుకి వెళ్తోంది, ఆ నంబరు అప్పటికే వేరెవరికో ఇచ్చేశారు. రిజిస్ట్రార్ గుర్తింపు పత్రాలు అడిగింది, మెయిళ్లు నడిచాయి, చివరికి పేరు చేతికి వచ్చేసరికి 19 రోజులు పట్టింది. ఈలోగా రిడెంప్షన్ దశలోకి, అంటే తొలగించిన పేరుని అదనపు ఫీజు కట్టి విడిపించుకోవాల్సిన దశలోకి, వెళ్లడంతో మామూలు ఫీజు కాక పెద్ద మొత్తం అదనంగా కట్టాల్సి వచ్చింది. నేను వెళ్లిన ప్రతిసారీ రిసెప్షన్‌లో అమ్మాయి ప్రిస్క్రిప్షన్ కాగితాల కట్ట ముందు పెట్టుకుని, ఒక్కో కాగితం అడుగున ఉన్న సైటు పేరుని పెన్నుతో కొట్టేస్తూ కనిపించేది. రెండు వేల కాగితాలు అప్పుడే ప్రింట్ చేయించారు. అక్కడ ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. ఖాతా సొంతవాళ్ల దగ్గర లేదు, అంతే.

గడువు దాటితే ఏమవుతుందో చెప్తాను, డాట్ కామ్ లెక్కలో. గడువు తేదీ దాటగానే సైటు, మెయిల్ ఆగిపోవచ్చు. ఆ తర్వాత రిజిస్ట్రార్‌ని బట్టి 45 రోజుల లోపు కొంత గడువు ఇస్తారు, అప్పుడు మామూలు ధరకే రెన్యూ చేసుకోవచ్చు. అన్ని రిజిస్ట్రార్లూ అన్ని రోజులూ ఆగవు. కొందరు మధ్యలోనే వేలానికి పెట్టేస్తారు. రిజిస్ట్రార్ తొలగించాక 30 రోజులు రిడెంప్షన్, అప్పుడు అదనపు ఫీజు. అదీ దాటితే 5 రోజుల తర్వాత పేరు ఖాళీ అవుతుంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇది చిన్నవాళ్లకే జరుగుతుందని అనుకోకండి. 1999 క్రిస్మస్ సమయంలో హాట్‌మెయిల్ లాగిన్‌కి వాడే మైక్రోసాఫ్ట్ వాళ్ల పాస్‌పోర్ట్ డాట్ కామ్ గడువు దాటిపోయి హాట్‌మెయిల్ వాడేవాళ్లు ఇబ్బంది పడ్డారు. మైఖేల్ చానీ అనే ప్రోగ్రామర్ తన కార్డుతో 35 డాలర్లు కట్టి రెన్యూ చేశాడు. మనకి అలాంటివాడు దొరకడు కదా. అందుకే ఆటో రెన్యూ ఆన్ చేయండి, అయినా క్యాలెండర్‌లో గడువుకి నెల ముందు ఒక రిమైండర్ పెట్టుకోండి. మన కార్డుల మీద ఆటోమేటిక్ పేమెంట్లు ఫెయిలవడం మామూలే, దాన్నే నమ్ముకుని కూర్చోకండి. వీలైతే మూడేళ్లకో ఐదేళ్లకో ఒకేసారి కట్టేయండి.

కొన్న వెంటనే రిజిస్ట్రార్ నుంచి ఈమెయిల్ సరిచూసుకోమని ఒక లింకు వస్తుంది. డాట్ కామ్ లాంటి వాటికి 15 రోజుల్లో దాన్ని నొక్కకపోతే డొమైన్ ఆపేస్తారు. స్పామ్‌లో పడిందేమో చూడండి. అలాగే లాగిన్‌కి టూ ఫ్యాక్టర్, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటిది కూడా అడిగే పద్ధతి, పెట్టుకోండి. మీ వివరాలు బయటివాళ్లకి కనిపించకుండా దాచే ప్రైవసీ ఆప్షన్ ఉచితంగా ఇస్తుంటే ఆన్ చేయండి, లేకపోతే వారం తిరక్కుండా వెబ్‌సైట్ చేయిస్తారా అని ఫోన్లు మొదలవుతాయి. "మీ డొమైన్ గడువు అయిపోతోంది, వెంటనే కట్టండి" అని తెలియని కంపెనీల నుంచి వచ్చే మెయిళ్లలో లింకులు నొక్కకండి. ఎప్పుడైనా నేరుగా మీరు కొన్న చోట లాగిన్ అయి తేదీ చూసుకోండి.

ఇక పేరు ఎలా ఎంచుకోవాలో మీరు అడగలేదు, కానీ తెలుగు పేర్లతో ఇక్కడే చాలామంది దెబ్బతింటారు కాబట్టి చెప్తాను. "శ్రీ" అని మనం ఒక్కలాగే పలుకుతాం. ఇంగ్లిష్‌లో ఒకరు ఎస్ ఆర్ ఐ అని రాస్తారు, ఒకరు మధ్యలో హెచ్ పెడతారు, ఇంకొకరు చివర డబుల్ ఇ పెడతారు. "లక్ష్మి"లో కె ఎస్ హెచ్ రాసేవాళ్లు ఉన్నారు, ఎక్స్ రాసేవాళ్లూ ఉన్నారు. దీర్ఘాలకి రెండు ఎ లు పెట్టాలా ఒకటి చాలా అన్నది మనలో మనకే ఒప్పందం లేదు. "శ్రీలక్ష్మి" అన్న ఒక్క పేరుకే ఇలా ఆరు రకాల స్పెల్లింగులు తేలతాయి. నా దగ్గరికి వచ్చినవాళ్లకి ఒక పరీక్ష చెప్తాను. ఊళ్లో ఉన్న మీ పిన్నికో మేనత్తకో ఫోన్ చేసి పేరు నోటితో ఒక్కసారి చెప్పండి, స్పెల్లింగ్ చెప్పకండి. ఆమె దాన్ని ఫోన్‌లో ఎలా టైప్ చేసిందో వాట్సాప్‌లో పంపమనండి. ఇలా ముగ్గురిని అడిగి, ఇద్దరు సరిగ్గా రాస్తే ఆ పేరు తీసుకోండి. తప్పని పరిస్థితిలో రెండు స్పెల్లింగులూ కొని, ఒకదాన్ని ఇంకోదానికి మళ్లించవచ్చు. హైఫన్లు, అంకెలు వద్దు. ఫోన్‌లో చెప్పడానికి ప్రాణం పోతుంది. డాట్ కామ్ దొరికితే డాట్ కామ్, లేకపోతే డాట్ ఇన్, రెండూ మంచివే. మొదటి ఏడాది తొంభై తొమ్మిది రూపాయలే అని ఆశ పెట్టే వింత తోకలున్న పేర్ల జోలికి వెళ్లకండి. రెండో ఏడాది రెన్యువల్ ఎంతో కొనే ముందే చూడండి. కొన్నిటికి వేలల్లో ఉంటుంది. తెలుగు లిపిలోనే డాట్ భారత్ అని కూడా ఉంది. నాకు ఇష్టమే, కానీ కస్టమర్ల ఫోన్లలో తెలుగు కీబోర్డు ఉంటుందని నమ్మలేం కాబట్టి అదొక్కటే పెట్టుకోమని చెప్పను.

డొమైన్‌ని, హోస్టింగ్‌ని కలిపేది డీఎన్ఎస్. కస్టమర్ మీ పేరు టైప్ చేయగానే ఆమె ఫోన్ ముందు "ఈ పేరు ఏ చిరునామాలో ఉంటుంది" అని అడుగుతుంది. ఆ ప్రశ్న చివరికి మీ డొమైన్‌కి పెట్టిన నేమ్‌సర్వర్ దగ్గరికి చేరుతుంది. అది ఒక ఐపీ అడ్రస్, అంటే అంకెల చిరునామా ఇస్తుంది. అప్పుడు ఫోన్ ఆ సర్వర్‌కి వెళ్లి పేజీ తెచ్చుకుంటుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. ఈ పద్ధతిని 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించారు, ఇప్పటికీ ఇంటర్నెట్ దాని మీదే నడుస్తోంది. మీకు పనికొచ్చే ముక్క ఏమిటంటే, హోస్టింగ్ మార్చినప్పుడు మార్చాల్సింది ఆ చిరునామా మాత్రమే. పేరు కదలదు. డొమైన్ ఒక చోట, హోస్టింగ్ ఇంకో చోట ఉండొచ్చు. నేనైతే విడిగానే పెట్టమంటాను. హోస్టింగ్ కంపెనీతో గొడవ వచ్చినా పేరు వాళ్ల గుప్పిట్లో ఉండదు.

ఆ మార్చేటప్పుడు జాగ్రత్త. డీఎన్ఎస్‌లో సైటు చిరునామాతో పాటు మెయిల్ చిరునామా కూడా ఉంటుంది, దాన్ని ఎంఎక్స్ రికార్డు అంటారు. పని మొదలుపెట్టిన కొత్తలో సికింద్రాబాద్‌లో ఒక క్యాటరింగ్ ఆయన సైటుని కొత్త హోస్టింగ్‌కి మార్చాను. శుక్రవారం రాత్రి నేమ్‌సర్వర్లు మార్చాను, సైటు చక్కగా తెరుచుకుంది, ఇంటికి వెళ్లిపోయాను. పాత చోట ఉన్న ఎంఎక్స్ రికార్డులు కొత్త చోట పెట్టలేదు. శని, ఆదివారాల్లో ఆయనకి ఒక్క మెయిల్ రాలేదు. ఒక ఆఫీసు వాళ్లు మూడు వందల మందికి భోజనాల ఆర్డరు మెయిల్ చేస్తే అది తిరిగి వెళ్లిపోయింది, వాళ్లు వేరేవాళ్లకి ఇచ్చుకున్నారు. సోమవారం ఆయన నా ముందు కూర్చుని ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. ఆ రోజు నుంచి ఏ డొమైన్ ముట్టుకున్నా ముందు ఒక నోట్‌బుక్‌లో పాత రికార్డులన్నీ వరసగా రాసుకుంటాను, స్క్రీన్‌షాట్ కూడా తీస్తాను. ముందురోజే టీటీఎల్ అనే విలువని (పాత చిరునామాని ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పేది) 300 సెకన్లకి తగ్గించి పెడతాను, అప్పుడు మార్పు త్వరగా అందరికీ చేరుతుంది. మీ సైటు ఎవరు మార్చినా ఇవి చేశారా అని అడగండి.

హోస్టింగ్ సంగతికి వద్దాం. మీకు కావాల్సింది ఒక నలభై ఫొటోలు, అడ్రస్, మ్యాప్, వాట్సాప్ బటన్. దీనికి పెద్ద సర్వర్ అవసరం లేదు. మామూలు పేజీలతో చేసే సైటుకి క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ లాంటి చోట్ల హోస్టింగ్ ఉచితంగానే దొరుకుతుంది. కాకపోతే చేసేవాళ్లకి ఆ పని తెలిసి ఉండాలి. వర్డ్‌ప్రెస్ అనే సైటు తయారీ సాఫ్ట్‌వేర్‌తో చేస్తే మీరే ఫోన్‌లోంచి ఫొటోలు మార్చుకోవచ్చు. దానికి షేర్డ్ హోస్టింగ్‌లో అన్నిటికన్నా చిన్న ప్లాన్ చాలు. నేను చూసినంతలో రెన్యువల్ ధర నెలకి 150 నుంచి 400 మధ్య ఉంటుంది, పైన 18 శాతం జీఎస్టీ. మొదటిసారి చూపించే ధర ఆఫర్ ధర. నాలుగేళ్లకి ఒకేసారి కడితేనే ఆ రేటు అంటారు. మీరు ఒక్క ఏడాదికే తీసుకోండి. నచ్చకపోతే వదిలేసే స్వేచ్ఛ ఉండాలి. డొమైన్ ఎక్కువ ఏళ్లకి, హోస్టింగ్ తక్కువ కాలానికి, ఇదీ నేను పాటించే లెక్క.

"అన్‌లిమిటెడ్" అన్న మాటని పట్టించుకోకండి. డిస్క్ అన్‌లిమిటెడ్ అంటారు, నిబంధనల్లో ఫైళ్ల సంఖ్యకి, ప్రాసెసర్ వాడకానికి పరిమితి రాసి ఉంటుంది. షేర్డ్ అంటేనే ఒక సర్వర్‌లో వందల సైట్లు. ఒక కోచింగ్ సెంటర్ వాళ్ల సైటు ఏడాదంతా బాగా నడిచి, సరిగ్గా ఫలితాల రోజు పిల్లలందరూ ఒకేసారి తెరిచేసరికి చేతులెత్తేసింది. వాళ్లకి వీపీఎస్, అంటే సర్వర్‌లో తమకంటూ విడిగా ఒక భాగం కావాలి. మీకు అక్కర్లేదు. హైదరాబాద్ సర్వరే కావాలా అని కూడా కొందరు అడుగుతారు. అమెజాన్ వాళ్లు 2022 నవంబరులో ఇక్కడ క్లౌడ్ రీజియన్, అంటే తమ సర్వర్ల కేంద్రాలు, తెరిచారు, ముంబైలో అంతకుముందు నుంచే ఉంది. మీ స్థాయి సైటుకి దేశంలో ఎక్కడున్నా తేడా కనిపించదు.

తేడా కనిపించేది ఫొటోల దగ్గర. ఈ మధ్య ఒక బొటిక్ సైటు చాలా నెమ్మదిగా ఉందని, పెద్ద హోస్టింగ్ కొనాలేమో అని ఒకావిడ వచ్చారు. తెరిచి చూస్తే మొదటి పేజీలో 22 బ్లౌజుల ఫొటోలు, ఒక్కోటి ఐదారు ఎంబీ, ఫోన్‌లో తీసింది తీసినట్టే ఎక్కించారు. ఒక పేజీ చూడాలంటే కస్టమర్ వంద ఎంబీకి పైగా లాగాలి. అన్నిటినీ వెడల్పు 1600 పిక్సెల్స్‌కి తగ్గించి వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫొటో ఫార్మాట్‌లో సేవ్ చేశాను, ఒక్కోటి రెండు వందల కేబీ లోపు వచ్చింది. జర్దోసీ తీగ మెలిక, కుందన్ రాళ్ల అంచు అన్నీ అలాగే కనిపిస్తున్నాయి. ఆవిడ పాత ప్లాన్‌లోనే సైటు పరుగెత్తింది. మీ పనితనం దగ్గర నుంచి చూపించాల్సిన ఫొటోలు రెండు మూడు ఉంటే వాటిని మాత్రం కొంచెం పెద్దగా, నొక్కితే తెరుచుకునేలా పెట్టించండి.

ఎస్ఎస్ఎల్‌కి విడిగా డబ్బులు అడిగితే ఒప్పుకోకండి. సైటుకీ కస్టమర్ ఫోన్‌కీ మధ్య వెళ్లేది ఇతరులు చదవకుండా చూసేది, కొన్ని బ్రౌజర్లలో అడ్రస్ పక్కన తాళం గుర్తు తెచ్చేది అదే. అది లేకపోతే 2018 జూలై నుంచి క్రోమ్ "సురక్షితం కాదు" అని చూపిస్తోంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది, మంచి హోస్టింగ్‌లన్నీ తమంతట తామే పెట్టి రెన్యూ చేస్తుంటాయి. మీలాంటి సైటుకి అది చాలు.

బ్యాకప్ హోస్టింగ్ వాళ్లే తీస్తారని ధీమా వద్దు. వాళ్ల సర్వర్ పోతే చాలాసార్లు ఆ బ్యాకప్ కూడా అక్కడే ఉండి పోతుంది. నెలకోసారి సైటు కాపీ మీ గూగుల్ డ్రైవ్‌లోకో, ఇంట్లో కంప్యూటర్‌లోకో దింపుకోండి.

ఆ 18 వేల గురించి: మోసం అని నేను అనను. డొమైన్, హోస్టింగ్ కలిపి మహా అయితే ఏడు వేల చిల్లర అవుతుంది, మిగతాది ఆయన పనికి. ఫొటోలు సరిచేయడం, ఏడాదంతా మార్పులు చేసిపెట్టడం, బ్యాకప్‌లు చూడడం చేస్తే అది న్యాయమైన ధరే. అడగాల్సినవి ఇవి: "డొమైన్ నేను కొంటాను, మీకు డీఎన్ఎస్ యాక్సెస్ మాత్రం ఇస్తాను, సరేనా? హోస్టింగ్ ప్యానెల్ లాగిన్, వర్డ్‌ప్రెస్ అడ్మిన్ లాగిన్ నాకూ ఇస్తారా? రెండో ఏడాది ఎంత?" వీటికి సంతోషంగా ఒప్పుకునే మనిషితో టెన్షన్ లేకుండా పని చేయించుకోవచ్చు. డొమైన్ తన దగ్గరే ఉండాలని పట్టుబడితే ఇంకొకరిని చూడండి. ఇప్పటికే ఆయన కొనేసి ఉంటే గొడవ పడక్కర్లేదు, మీ ఖాతాకి మార్చమని అడగండి. అదే రిజిస్ట్రార్‌లో అయితే ఖాతా నుంచి ఖాతాకి మార్పు తేలిక. వేరే రిజిస్ట్రార్‌కి తీసుకెళ్లాలంటే డొమైన్ లాక్ తీసి, ఆథ్ కోడ్ అనే రహస్య కోడ్ ఇవ్వాలి. కొత్తగా కొన్నది అయితే సాధారణంగా 60 రోజులు ఆగాలి.

సైటు తయారయ్యేదాకా డొమైన్ ఊరికే ఉండక్కర్లేదు. చాలా రిజిస్ట్రార్లలో ఫార్వర్డింగ్ అని ఒక ఆప్షన్ ఉంటుంది. అక్కడ మీ ఇన్‌స్టాగ్రామ్ లింకు పెట్టేయండి. పేరు టైప్ చేసినవాళ్లు నేరుగా మీ పేజీకి వస్తారు. అప్పుడు బొటిక్ కవర్ల మీద, బిల్లు పుస్తకం మీద ఇప్పటి నుంచే ఆ పేరు వేయించుకోవచ్చు. రేపు సైటు వచ్చాక లోపల లింకు మారుతుంది, కవర్లు మార్చక్కర్లేదు. ప్రింటింగ్‌కి ఇచ్చే ముందు మాత్రం ఒకసారి మీ ఖాతాలోకి లాగిన్ అయి, అక్కడ కనిపించే స్పెల్లింగ్‌నే కాపీ చేసి ప్రెస్ వాళ్లకి పంపండి. నోటితో చెప్పకండి.